తెరమీది పొగ – నుడియు నడతయు

నుడికి నడత తోడు కానిచో భక్తి నిలువదని బసవేశ్వరుని బోధ. ఈ కొలబద్దతో నేటి చలనచిత్రమును కొలిచి చూడవలసియున్నది.

చిత్రములలో పొగత్రాగు దృశ్యములను నిషేధింపబూని 2005లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమమును 2009లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. పిదప 2012 అక్టోబరు 2 నుండి, అట్టి దృశ్యము సాగునంతసేపు తెర అడుగున హెచ్చరిక చూపవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. 2023 సెప్టెంబరు 1 నుండి అంతర్జాలమున ఇంటింట చూచు చిత్రములకును దానిని వర్తింపజేసిరి. ఐనను జరుగుచున్నదేమి? అడుగున అక్షరములు వలదనుచుండగా, పైన కథానాయకుడు ఠీవిగా పొగ వదలుచున్నాడు. నుడి ఒకటి, నడత వేరొకటి. బాలుడు అక్షరమును చదువడు, నాయకుని చూచును. రజనీకాంత్ సిగరెట్టును ఎగురవేసి పెదవులతో అందుకొను తీరును అనుకరించిన కుర్రవారు తెలుగునాటను తక్కువ కాదు.

ఇది వినోదమే కదా యని కొందరందురు. వీరశైవులు మాత్రము ఆ మాట అనజాలరు. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగు ద్విపదలో బసవపురాణము రచించినది శివభక్తుల నడతను జనుల కన్నులకు కట్టుటకే. వినిన కథ శీలమును దిద్దగలిగినచో, చూచిన కథ దానిని చెరుపజాలదా?

అట్లని దోషమంతయు తెరపై మోపుట న్యాయము కాదు. ప్రత్తి, మిరప పండు ఈ మైదానములలోనే పొగాకును పండుచున్నది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయము గుంటూరుననే కలదు. ప్రకాశం జిల్లా రైతు పండించు వర్జీనియా పొగాకు సిగరెట్టుకు పనికివచ్చునదే. ఆ రైతు చెమటను నిందింపరాదు. అది కూడ కాయకమే. కాని కాయకమునకు దాసోహము తోడు కావలెను. శ్రమఫలము లోకమునకు మేలు చేయవలెను. ఆ పంటకు బదులు గిట్టుబాటగు వేరొక పంటను చూపక, రైతునొక్కనినే బోనులో నిలుపుట ధర్మము కాదు.

ఇక ఇంటి సంగతి. మిరప కళ్లమున చుట్ట వెలిగించి, "సినిమాలు చూచి చెడిపోతివిరా" యని కుమారుని మందలించు తండ్రియు ఆ తెరవంటివాడే కదా! హెచ్చరిక అడుగున, పొగ పైన.

ఇష్టలింగమును అరచేత నిలిపి పూజించు సంప్రదాయము మనది. దేహమే దేవాలయమని నమ్మువారు దాని గర్భగుడిని పొగతో నింపవచ్చునా? మఠములు ఉపదేశించుట మంచిదే. అంతకు ముందు పెద్దలు తమ చేతిలోని చుట్టను పారవేయుదురు గాక. ఆ చేయి చెప్పు పాఠమును బిడ్డలు మరువరు.