నరకం ఎవరు కట్టారు?



బౌద్ధం తీసుకున్న మన ఇళ్లలో కూడా చావు జరిగినప్పుడు ఒక మాట వినపడుతుంది. "అంతా బాగానే ఉంది గానీ, దినం చెయ్యకపోతే పోయినోళ్లు నరకంలో పడతారేమో?" అని. పటాలు దించేశాం, మొక్కులు మానేశాం. ఆ భయం మాత్రం గుండెలో ఒక మూల కూర్చునే ఉంది. దాని సంగతి చూడ్డానికి ఈసారి ఒక సైన్స్ ఫిక్షన్ నవల తెచ్చాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

స్కాట్లాండ్ రచయిత ఇయాన్ ఎం. బ్యాంక్స్ 2010లో ‘సర్ఫేస్ డిటెయిల్’ అనే నవల రాశాడు. అందులోని లోకాల్లో మనిషి మనసును, జ్ఞాపకాలతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చు. ఒళ్లు పోయినా మనసు యంత్రంలో బతుకుతుంది. ఇంత తెలివి వచ్చాక కొన్ని జాతులు ఏం చేశాయి? లేని నరకాన్ని యంత్రంలో కట్టాయి! చచ్చినవాళ్ల మనసుల్ని అందులో వేసి అంతు లేకుండా హింసిస్తాయి. అవి ఉండాలా వద్దా అని జాతుల మధ్య యుద్ధం.

ప్రిన్, చే అనే జంట సాక్ష్యం కోసం దొంగతనంగా ఆ నరకంలోకి దిగుతారు. ప్రిన్ బయటపడతాడు, చే లోపలే చిక్కుకుపోతుంది. ప్రిన్ సాక్ష్యం చెప్పబోతుంటే ఒక పెద్ద నాయకుడు వచ్చి బుజ్జగిస్తాడు. భయం లేకపోతే జనం అదుపులో ఉండరు, ఊరుకో అని. ఈ మాట మనకు కొత్తా? మన తాతలకు పురాణం చెప్పినవాళ్లందరి మాటా ఇదేగా.

చే గతి ఇంకా ఘోరం. బయటి లోకం ఉందన్న నమ్మకమే ఆమెకు పోతుంది. ఆశ లేనివాళ్లను పూర్తిగా బాధపెట్టలేం కదా! అందుకని నరకం నడిపేవాళ్లు ఆమెకు వేరే చోట ఒక నిండు జీవితం ఇచ్చి, మళ్లీ తెచ్చి పడేస్తారు. ఆపైన రోజుకు ఒక్కరిని చంపి విముక్తి చేసే పని అప్పజెబుతారు. ఇక ఆ ఒక్కరు తామే కావాలని మిగతావాళ్లంతా ఆమెకు మొక్కడమే. గరుడ పురాణంలో వైతరణి నది ఉంది చూడండి, గోదానం చేస్తే దాటొచ్చట. ఆ ఆవు ఎవరి కొట్టంలోకి పోతుందో మీకు తెలుసు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇంకొకటి. నరకం నడవాలంటే యంత్రాలు కావాలి, వాటికి చోటు కావాలి. ఆ చోటు ఎక్కడంటే వెప్పర్స్ అనే మహా ధనవంతుడి ఎస్టేటు నేల కింద. నరకం అతనికి ఒక వ్యాపారం. అదే వెప్పర్స్ దగ్గర లెడెడ్జే అనే ఆడపిల్ల బానిసగా ఉంటుంది. తండ్రి బాకీకి ఆమె పుట్టకముందే తాకట్టు. ఒంటి మీదే కాదు, ఎముకల దాకా బానిస అచ్చు. పుట్టుకతోనే అచ్చు పడ్డవాళ్ల గురించి మనకు ఒకరు విడమరచి చెప్పాలా?

మన బౌద్ధ కథల్లోనూ ఇలాంటిది ఉంది. చరిత్ర కాదు, అశోకావదానంలోని కథ. ఒక భిక్షువు నరక శిక్షల సుత్తం చదువుతుంటే గిరికుడు అనే తలారి విన్నాడు. ఆ శిక్షలన్నీ పెట్టి పాటలీపుత్రంలో చెరసాల నడిపాడు. కట్టించింది అశోకుడే. లోపలికి వచ్చినవాడు ప్రాణాలతో బయటికి పోకూడదని షరతు. చివరికి ఆ షరతు రాజుకే చుట్టుకుంది. అప్పుడుగానీ దాన్ని కూల్చలేదు. పుస్తకంలో వర్ణన ఉంటే చాలు, దాన్ని కట్టేవాడొకడు ఎప్పుడూ దొరుకుతాడు.

"మరి త్రిపిటకంలో నరకం లేదా?" అని ఎవరైనా అడిగితే దాచొద్దు. ఉంది. మజ్ఝిమ నికాయంలోని దేవదూత సుత్తంలో యముడూ ఉన్నాడు, శిక్షలూ ఉన్నాయి. బుద్ధుడి పేరు మీద ఉన్న మాటైనా సరే, బుద్ధికి నిలుస్తుందో లేదో చూసుకోమని బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో చెప్పారు. అలా చూస్తే సంయుత్త నికాయంలోని పాతాళ సుత్తం నిలుస్తుంది. సముద్రంలో అడుగులేని పాతాళం ఉందని తెలియనివాళ్లు అంటారనీ, అసలు పాతాళమంటే ఒంటికి కలిగే బాధేననీ అందులో బుద్ధుడు అంటాడు. విషవాయువు ఉన్న మ్యాన్‌హోల్‌లోకి తాడు కట్టుకుని దిగేవాడికి ఆ సుత్తం చదివి వినిపించక్కర్లేదు. 2013లో చట్టం వచ్చింది, అయినా దింపుతూనే ఉన్నారు. ఆ పాతాళానికి కాంట్రాక్టరు ఉన్నాడు, బిల్లు ఉంది, బిల్లు మీద సంతకం ఉంది.

ఇక దినం సంగతి. శ్రాద్ధం పెట్టను, పిండదానం చెయ్యను అన్నది 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. ఇంట్లో పెద్దలు ఏడుస్తుంటే వాళ్లతో వాదనకు దిగొద్దు. త్రిశరణ పంచశీల చెప్పించండి, పోయినవాళ్లు బతికుండగా చేసిన మంచి పనులు నలుగురిలో చెప్పండి. అప్పు చేసి పెట్టే భోజనాలు ఆపి, ఆ డబ్బు ఇంట్లో చదివే పిల్ల ఫీజుకు కట్టండి. బంధువులు ఏమంటారో అన్న భయం ఉంటే మన సంఘం వాళ్లకు ముందురోజే కబురు పెట్టండి, పదిమందిమి వచ్చి మీ పక్కన కూర్చుంటాం.