ఏమరుపాటే విషము

‘ప్రమాదము’ అను పదమును మనము ఆపద యను అర్థమున వాడుచున్నాము. సంస్కృతమున దాని మొదటి అర్థము ఏమరుపాటు. ఈ రెండర్థములును వేరు కావని కట్లపాము మనకు బోధించును.

పగలు దాగియుండి, రాత్రివేళ ఎలుకలను, బల్లులను, ఇతర సర్పములను వెదకుచు అది సంచరించును. నేలపై నిద్రించువారిని కఱచినను నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలును, మాట తడబడును, తుదకు ఊపిరి నిలిచిపోవును.

నాగులచవితినాడు పుట్టకు మ్రొక్కి, మరునాడు కఱ్ఱ నెత్తుట భక్తి కానేరదు. మంచముపై పరుండి దోమతెర అంచులను పరుపుక్రింద దోపుకొనుట, చీకటిలో దీపము లేక అడుగిడకుండుట, ఇంటిచెంత చెత్తను, ఎలుకలను చేరనీయకుండుట—ఇవి ఆ జీవిని, మనలను గూడ కాపాడు పూజలు. కాటుపడెనని అనుమానము కలిగినను కోయరాదు, కట్టు బిగింపరాదు, మంత్రములకై కాలము గడపరాదు. రోగిని కదలనీయక, విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి తక్షణమే చేర్పవలెను. వైద్యుని హస్తమునందును భగవంతుడే కలడు.

2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల అంచనా. వారిలో అధికులు పల్లెవాసులు. మెలకువ యొక్కటే వారిని కాపాడజాలదు. అలసిన శరీరము నిద్రింపక తప్పదు గదా! నేలపై పరుండు పేదవానికి ఒక మంచము, ఒక దోమతెర సమకూర్చుడు. అతడు నిద్రించునపుడు అతనికై మనము మేల్కొనియుండుటయే నారాయణసేవ.