కనబడకపోతే లేనట్టేనా?

చీకటి గదిలో కుండ కనబడలేదు. అంతమాత్రాన కుండ లేదని తేల్చేయవచ్చా? మీమాంసకుడైన కుమారిలభట్టు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఆరో ప్రమాణంగా (తెలుసుకునే మార్గంగా) ఒప్పుకున్నాడు. న్యాయదర్శనాన్ని పాటించే నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. అయినా ఒక షరతు దగ్గర ఇద్దరూ కలుస్తారు: ఉండి ఉంటే కనబడి తీరాలి, అప్పుడే కనబడకపోవడానికి విలువ. మన తెలుగువాడైన అన్నంభట్టు కూడా తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ షరతునే, యోగ్యత అనే పేరుతో, పట్టుకున్నాడు.

అనంతపురంలో డాబా మీద ఎనిమిదంగుళాల టెలిస్కోపు పెట్టుకుని, పరాయి నక్షత్రాలకు వాటి గ్రహాలు అడ్డురావడాన్ని కొలిచే నాకు ఈ షరతు నిత్యం పనికొస్తుంది. హెచ్‌డీ 189733 అనే నక్షత్రానికి దాని గ్రహం 2.2 రోజులకోసారి అడ్డొస్తుంది. వెలుగు సుమారు 2.4 శాతం తగ్గి, రెండు గంటల్లోపే మళ్లీ మామూలవుతుంది. నా పరికరం ఎంత తగ్గుదలను పట్టగలదో కెమెరా తెరవకముందే లెక్కకట్టాలి. కాంతికణాలు పదివేలు పోగైతే ఒక శాతం అనిశ్చితి, పది లక్షలైతే 0.1 శాతం. ఈ నక్షత్రానికి కణాల కొరత లేదు. గాలి పుట్టించే మిణుకే అసలు అడ్డంకి. 1967లో ఖగోళ శాస్త్రవేత్త యంగ్ ఇచ్చిన సూత్రంలో అద్దం వెడల్పు, ఊరి ఎత్తు, నక్షత్రం ఎంత పైనుందో వేస్తే, నిమిషం సేపు పోగుచేసిన వెలుగులో మిణుకు ఒక్కటే దాదాపు 0.15 శాతం. నక్షత్రం ముప్పై డిగ్రీలకు దిగితే అది నడినెత్తిన ఉన్నప్పటిదానికి మూడు రెట్లు దాటిపోతుంది. అందుకే గ్రహం అడ్డొచ్చే వేళ మధ్యలో నక్షత్రం పడమటికి వాలిపోయే రాత్రుల్ని వదిలేస్తాను.

మన భూమి సూర్యుడికి అడ్డొస్తే, దూరం నుంచి చూసేవారికి తగ్గే వెలుగు 0.0084 శాతం. గురుడైతే ఒక శాతం. కాబట్టి వెలుగు కొలతలతో నేను గీసే గీత చదునుగా వచ్చిన రాత్రి, గురుడంత గ్రహమేదీ ఆ వేళకు అడ్డురాలేదని గట్టిగా చెప్పగలను. భూమంత గ్రహం మాటెత్తే హక్కు మాత్రం నాకు లేదు. దాని విషయంలో నాది చీకటి గదే.

దేవుడి గురించి వాదనలు విన్నప్పుడు ఇదే అడగాలనిపిస్తుంది. లేడనేవారూ, ఉండి ఉంటే ఏ రూపాన, ఎంతగా కనబడాలని ముందే అనుకున్నారు? ఉన్నాడనేవారూ, ఏది జరగకపోతే లేడని ఒప్పుకునేవారు? నేను రోజూ దీపం పెడతాను. ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కనుక నా దీపాన్ని ఎవరి ముందూ రుజువుగా పెట్టను.

టెలిస్కోపు కొనుక్కున్న పిల్లలకు ఒక మనవి. ఆ సాయంత్రం వేసిన లెక్కను తేదీతో సహా నోటుబుక్కులో ముందే రాయండి. తగ్గుదల కనబడని రాత్రి గీతనూ పారేయకుండా దాని పక్కనే అంటించండి.