ఊతకోలలను తీయు వేళ

శ్రీమద్భగవద్గీత పంచమాధ్యాయమున భగవానుడు ఈ దేహమును నవద్వారములు గల పురముగా పేర్కొనెను. పురమన్నచో దానిని కట్టు క్రమమొకటి యుండును గదా! కావున గృహనిర్మాణము జరుగుచోట కొంతసేపు నిలిచి చూచు సాధకునకు తన సాధనక్రమమే కన్నుల యెదుట గోచరించును.

మొదట గోడ. తాపీమేస్త్రీ ఇరుకొసలకు దారము కట్టి, వరుసవరుసకును తూకపుగుండు వ్రేలాడదీసి చూచుకొనును. ఎంత అనుభవశాలియైనను తన కంటిని నమ్మడు, గుండునే నమ్మును. అడుగు వరుసలోని వెండ్రుకవాసి వంపు పైకి పోవుకొలది పెరుగును. మన నడవడికి శాస్త్రము అట్టి గుండు. తనకు తోచినదే ధర్మమనువాడు గుండు లేక గోడ కట్టువాడే.

పిదప నేల. పునాదిగోడల నడుమ మట్టి నింపి, నీరు పోసి, దిమ్మిసతో మోదుదురు. దెబ్బలకు అణగిన మట్టియే గచ్చును మోయును. అణగని చోట గచ్చు క్రుంగి పగులును. అహంకారమణగని చిత్తమున భక్తి నిలువకపోవుటయు నిట్టిదే.

ఇక పైకప్పు. ఇందే మనము ముఖ్యముగా గ్రహింపవలసిన అర్థము గలదు. సరుగుడు కర్రలను ఊతముగా నిలిపి, వానిపై పలకలు పరచి, ఇనుపకమ్ములు అల్లి కాంక్రీటు పోయుదురు. పోసిన దినమున ఆ కప్పునకు తన బరువును తాను మోయు శక్తి లేదు, భారమంతయు కర్రలదే. కొలదిదినములకే అది చూపునకు గట్టిపడినట్లుండును. అయినను సామాన్యపు సిమెంటు వాడినచో, 4.5 మీటర్ల లోపు నిడివి గల స్లాబునకు 7 దినములు, అంతకు మించినదానికి 14 దినములు, 6 మీటర్లు మించిన దూలములకు 21 దినములు ఊతములుండవలెనని భారతీయ ప్రమాణముల నియమావళి చెప్పుచున్నది. ఆ దినములలో కప్పుపై మడులు కట్టి నీరు నిలుపుదురు. కాంక్రీటు ఎండుటచే గట్టిపడునని పలువురు తలతురు. అది సరికాదు, సిమెంటు నీటితో కలిసి మార్పు చెందుటచేతనే గట్టిపడును. తడి త్వరగా ఆరినచో బలము తగ్గి బీటలువారును.

సంధ్య, జపము, దేవాలయదర్శనము, వ్రతనియమములు మన ఊతకోలలు. భక్తిరసము ఆ నీరు. ఉపన్యాసము నాలుగునాళ్లు విని, "అంతయు బ్రహ్మమే, నాకు సంధ్య యేల?" అని కర్రలు లాగివేయువారు ఎందరో గలరు. సుఖముగానున్నన్నాళ్లు వారి వేదాంతమున లోపము కానరాదు. చేతికందిన కుమారుడు కన్నుమూసిననాడు, విన్న వాక్యములలో నొక్కటియు ఆ దుఃఖమును మోయదు. జపమునకు కూర్చుందమన్న అలవాటు తప్పిపోయినది. అట్టివారిని చూచి నవ్వరాదు. వారు విన్నమాట అసత్యము కాదు. కప్పు పచ్చిగానుండగనే బరువు పడినది, అంతియే. కూలిన కప్పును మరల పోయవచ్చును. కర్రలు మరల నిలుపుటయే దానికి మొదలు. అందులకు సిగ్గుపడ నక్కరలేదు.

అట్లయిన ఈ ఊతములు ఎల్లకాలము ఉండవలసినవేనా? యోగమును ఆరోహింపగోరువానికి కర్మయు, ఆరూఢునకు శమమును సాధనములని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే విభజించి చెప్పెను. అయితే కర్రలు తీయు వేళను నిర్ణయించునది ఇంటి యజమాని తొందర కాదు, మేస్త్రీ అనుభవము. ఇచటను సద్గురువు మాటయే ప్రమాణము.

ఇంకొక విశేషము. తీసిన కర్రలను ఎవరును పారవేయరు. అవి బండికెక్కి మరియొక యింటి కప్పును మోయబోవును. జనకాదులు సిద్ధిపొందియు లోకసంగ్రహార్థమై కర్మమును విడువకుండుట యిట్టిదే. తన కప్పు నిలిచినవాడు ఎదుటివాని పచ్చికప్పునకు ఊతమగును. తాత సంధ్యకు కూర్చున్నయింట మనుమడు ఆచమనము నేర్చుకొనును.

మన ఊతములు తగినంతకాలము నిలుచునట్లును, పిదప పరులకు ఉపకరించునట్లును ఆ జగత్స్థపతియైన పరమాత్మ అనుగ్రహించుగాక!