మిగిలింది ఇస్తే దానం అవుతుందా?

కఠోపనిషత్తు వీడియోలో సమయం చాలక వదిలేసిన ఒక విషయం గురించి ఈసారి రాస్తున్నాను. నచికేతుడి కథ అనగానే మనకి యముడు, మూడు వరాలు, ఆత్మవిద్య గుర్తొస్తాయి. అసలు ఆ కుర్రాడు యముడి ఇంటిదాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? ఆవుల వల్ల. ఉన్నదంతా ఇచ్చేయాల్సిన యాగం చేస్తూ, తండ్రి వాజశ్రవసుడు ముసలి ఆవుల్ని దానమిస్తున్నాడు. నీళ్ళు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ వాటికి అయిపోయాయి. ఇక ఈనే ఓపిక కూడా లేదు. పక్కన నిలబడి చూస్తున్న పిల్లాడికి అది తప్పనిపించింది. "మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా?" అని ఒకటికి మూడుసార్లు అడిగాడు. తండ్రికి కోపమొచ్చింది. "యముడికి" అన్నాడు. తర్వాత కథ మీకు తెలిసిందే.

నాకు ఆ ఆవులు మా ఇంట్లో కుట్టుమిషన్ పక్కన ఉన్న సంచిలో కనిపిస్తున్నాయి. అందులో ఏళ్ళ తరబడి పోగేసిన ముక్కలున్నాయి. అమ్మ ఉప్పాడ చీరలోని బ్లౌజ్ ముక్క, పోచంపల్లి డ్రెస్ మెటీరియల్ కుట్టించాక మిగిలిన గుడ్డ, కలంకారీ దుపట్టా చివర్లు, ఒక పాత నూలు పంచె. ధనుర్మాసం వస్తోంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి భార్య (మేం అక్కా అని పిలుస్తాం) ఆ చలిలో ఐదింటికే లేచి వాకిలి కడిగి ముగ్గేస్తుంది. తలకీ చెవులకీ చుట్టుకోవడానికి ఆవిడకి ఈ ముక్కలతో ఒక స్కార్ఫ్ కుడదామనుకున్నాను. అమ్మ వెంటనే అడ్డుపడింది. "మిగిలిన గుడ్డలు కుట్టి ఇస్తావా? రెండు మూడొందలు పెడితే కొత్తది వస్తుంది కదే" అంది.

అమ్మకి చెప్పడానికి నా దగ్గర ఒక మంచి వాదన ఉంది. మన సంప్రదాయంలో మిగలడం చిన్నతనం కాదు. శేషం అంటేనే మిగిలింది. ప్రళయంలో అన్నీ పోయాక మిగిలేవాడు కాబట్టే ఆదిశేషుడికి ఆ పేరు అంటారు. స్వామి పడుకునేది ఆ మిగిలినదాని మీదే. గీత మూడో అధ్యాయంలో యజ్ఞశేషం తినేవాళ్ళు పాపాల నుంచి బయటపడతారని ఉంది. తిరుమలలో శేషవస్త్రం కప్పితే ఎంత పెద్దవాళ్ళయినా తల వంచుతారు. మరి మిగిలిన గుడ్డ ఎందుకు తక్కువ?

వినడానికి బావుంది కానీ, ఈ వాదన నాకే నిలబడలేదు. అది ఏ దిక్కుగా వస్తోందో చూడండి. ముందు భగవంతుడికి, ఆ తర్వాత శేషంగా మనకి. ఆయన దగ్గర మిగిలింది మనకి ప్రసాదం. మన దగ్గర మిగిలినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి అదీ ప్రసాదమే అనుకుంటే, మనం కూర్చున్నది ఎవరి పీట మీద? దానం చేసేటప్పుడు మనకి తెలియకుండానే ఈ పొరపాటు జరిగిపోతుంది. అరలు ఖాళీ చేసుకోవడానికి తీసిన బట్టలకి సేవ అని పేరు పెట్టేస్తాం. జిప్పు పోయిన ప్యాంట్లూ, మరకలున్న షర్టులూ వరద బాధితులకని మూట కట్టడం మీరూ చూసే ఉంటారు. ఆ మూటలో ఉన్నవి వాజశ్రవసుడి ఆవులే.

మరి ఆండాళ్ తల్లి మాటేంటి, ఆవిడ ముడుచుకున్న మాలనే స్వామి తీసుకున్నాడు కదా అని మీలో కొందరు అడుగుతారు. కృష్ణదేవరాయలు కావ్యానికి ఆముక్తమాల్యద అని పేరు పెట్టింది అందుకే. కానీ ఆ మాల మిగిలిపోయిన పూలతో కట్టింది కాదు. మొదటి పువ్వు నుంచీ స్వామి కోసమే కట్టింది. వాడినది వేరు, మిగిలినది వేరు. రెంటినీ కలిపేసి, ఆండాళ్ పేరు చెప్పి మన పాత సామాన్లు వదిలించుకోకూడదు.

అందుకని నేను మళ్ళీ నచికేతుడి దగ్గరికే వెళ్ళాను. ఆయనకి బాధ కలిగించింది ఆవుల వయసు కాదని నాకనిపిస్తుంది. వాటిని తీసుకున్న మనిషికి వాటిలో ఏమీ మిగల్లేదు. పాలు ఇచ్చినవాడి ఇంట్లోనే అయిపోయాయి, మేత ఖర్చు మాత్రం పుచ్చుకున్నవాడికి. నా సంచిలో గుడ్డలకి అదే పరీక్ష పెట్టాను. పోచంపల్లి ముక్క ఒక్కసారి కూడా ఒంటి మీదకి వెళ్ళలేదు, గట్టిగా ఉంది. పాత పంచెని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో పోగులు పలచబడ్డాయి. దాన్ని ఇల్లు తుడుచుకునే గుడ్డల్లో వేసేశాను.

పనిలోకి దిగితే తెలిసింది, ఇలాంటి స్కార్ఫ్‌కి గుడ్డ ఊరికే వస్తుందేమో గానీ మిగతాదేదీ ఊరికే రాదు. రకరకాల గుడ్డల్ని ముందు విడివిడిగా ఉతికి ఆరేయాలి. నూలు ఉతికితే కుంచించుకుపోతుంది, పట్టు అంతగా కుంచించుకోదు. ఉతక్కుండా కలిపి కుడితే మొదటి ఉతుక్కే స్కార్ఫ్ ముడతలు పడి వంకర తిరుగుతుంది. ముదురు రంగు వదులుతుందేమో తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూడాలి. పడుగు అన్ని ముక్కల్లోనూ ఒకే దిక్కుకి ఉండాలి. పదకొండు అంగుళాల చదరాలు 14 కత్తిరించి, చుట్టూ అర అంగుళం కుట్టులోకి వదిలి, వరసకి రెండు చొప్పున ఏడు వరసలు కలిపితే 20 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవు వస్తుంది. ముందు చేత్తో టాకాలు, తర్వాత మిషన్. రెండు ఆదివారాలు పట్టే పని. ఆ ఆదివారాలు సంచిలో మిగిలిపోయినవి కావు. అమ్మ ప్రశ్నకి నేను ధైర్యంగా చెప్పగలిగిన జవాబు ఇదొక్కటే. "సరేలే" అంది, పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

ఇంకొక సంగతి నచికేతుడి కథలోనే ఉంది, నేనే ఆలస్యంగా గమనించాను. ఆ ఆవుల్ని తీసుకున్నవాళ్ళు ఒక్క మాటైనా అన్నట్టు కథలో ఎక్కడా లేదు. మీకిది పనికొస్తుందా అని వాళ్ళని ఎవరూ అడగలేదు. కాబట్టి కత్తెర పట్టేముందు ముక్కలన్నీ అక్క ముందు పరిచి, "నీకేవి కావాలో తియ్యి అక్కా, వద్దంటే కొత్తదే కొందాం" అన్నాను.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైంది ఉప్పాడ పట్టు. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి పక్కన పెట్టేసింది. "గిది ఒద్దు పాపా. పొద్దంత నీళ్ళల్ల ఉండేటోళ్ళం, రెండుసార్లు ఉతికితే పోతది" అంది. పోచంపల్లి నీలం, కలంకారీ ఎరుపు తీసుకుంది. వెనక ఏదైనా మెత్తటి నూలు గుడ్డ వెయ్యమంది. పొడవు 70 అంటే ముగ్గేసేటప్పుడు ముందుకి జారుతుందట, 60 చాలంది. ఒక వరస తగ్గించి కుడుతున్నాను. మెత్తటి నూలు మాత్రం మా సంచిలో లేదు, రేపు వెళ్ళి రెండు మీటర్లు కొనాలి.