ఏ కాయకము నిలుచును?



గత వేసవి సెలవులకు కొన్నాళ్లు ముందు, ఒకనాటి సాయంకాలమున, మా పాఠశాల ద్వారము చెంత ఒక తండ్రి నన్ను నిలిపెను. ఆయన జల్‌పల్లిలో ప్లాస్టిక్ తుక్కు ఏరు గోదాములో పని చేయువాడు. కుమారుడు పదవ తరగతి పరీక్షలు వ్రాసి యున్నాడు. "సారూ, మా పోరన్ని కంప్యూటర్ సదువుల ఎయ్యాల్నా, ఐ.టి.ఐ.ల ఎయ్యాల్నా? గదేదో కొత్త తెలివి మిషన్ వచ్చిందంట, సదువుకున్నోళ్ల నౌకర్లే పోతున్నయంటున్నరు. మరి ఏ పని ఉంటది సారూ?" అని అడిగెను. ముప్పది సంవత్సరములుగా బాలురకు సంధులు విడదీసి చూపుచున్న నాకు ఈ సంధి మాత్రము విడలేదు. ఆలోచించి చెప్పెదనని ఆయనను పంపితిని. ఆ ఆలోచనయే ఈ వ్యాసము.

జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపుటంచున, శ్రీశైలము పోవు రహదారికి చేరువగా, పహాడీ షరీఫ్ గుట్ట సమీపమున నున్నది. 2016లో పురపాలక సంఘముగా ఏర్పడినది. ఇచ్చటికి కొంత దూరమున 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయము కలదు. ఇచ్చటనే నగరము వాడి పారవేసిన ప్లాస్టిక్కును, ఇనుమును, అట్టలను చేతులతో ఏరి రాశులు పోయు గోదాములును కలవు. తల పైన విమానము, కాలి క్రింద తుక్కు. "ఏ పని నిలుచును?" అను ప్రశ్నను ఆలోచించుటకు ఇంతకంటె తగిన చోటు వేరొకటి లేదేమో.

పూర్వపు యంత్రములు మనుష్యుని భుజబలమునకు పోటీగా వచ్చినవి. కృత్రిమ మేధ అనబడు ఈ నూతన యంత్రము కలమునకు పోటీగా వచ్చినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి ఉత్తరములు వ్రాయుట, అనువదించుట, లెక్కలు సరిచూచుట, కంప్యూటరు ప్రోగ్రాములు కూర్చుట మున్నగు పనులు క్షణములలో జరుగుచున్నవి. దీని ప్రభావము గుమాస్తా పనుల పైననే అధికముగా నుండునని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించినది. మూడు తరములుగా మనము పిల్లలకు చెప్పిన మాట యేమి? "చదువుకొనుము, చేతికి మట్టి అంటని పని దొరకును" అనియే గదా. ఇప్పుడు మట్టి అంటని పనికే ముందుగా గండము వచ్చినది.

అయితే జోస్యములను నమ్ముటకు ముందు వాని చరిత్రను చూడవలెను. 2013లో ఆక్స్‌ఫర్డు పరిశోధకు లిరువురు 702 వృత్తులను పరిశీలించి, అమెరికాలోని ఉద్యోగములలో నూటికి 47 యంత్రముల పాలగు ప్రమాదమున్నదనిరి. 2016లో మరికొందరు పండితులు, ఉద్యోగమును ఒక ముద్దగా గాక అందులోని వేరువేరు పనులను లెక్కించి, సంపన్న దేశములలో ఆ సంఖ్య నూటికి సుమారు 9 మాత్రమే యనిరి. లెక్కించు విధానము మారగానే భవిష్యత్తే మారిపోయినది! అదే 2016లో, ఈ విద్యకు ఆద్యులలో ఒకరైన జెఫ్రీ హింటన్ పండితుడు, ఎక్స్‌రే చిత్రములు చదువు వైద్యులకు శిక్షణ నిచ్చుట ఇంతటితో ఆపవచ్చుననియు, ఐదేండ్లలో, మహా అయిన పదియేండ్లలో యంత్రమే వారిని మించుననియు పలికెను. ఆయనకు 2024లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన జోస్యము మాత్రము ఫలింపలేదు. యంత్రము చిత్రములను చక్కగనే చదువుచున్నది. కాని రోగికి కీడు జరిగినచో బాధ్యత వహించి సమాధానము చెప్పవలసిన వాడు మనుష్యుడే కావున ఆ వైద్యుని అవసరము తీరలేదు.

దీనికి విపరీతమైన కథ మన పాతబస్తీలోనే యున్నది. ఉర్దూ పత్రికలను చేతితో వ్రాయు కాతిబులను పెద్దలు ఎరుగుదురు. ఉర్దూకు వాడు నస్తలీఖ్ లిపి ఏటవాలుగా దిగుచు, ప్రక్క అక్షరమును బట్టి రూపము మార్చుకొనునది. అందుచేత అది సీసపు అచ్చులకు లొంగలేదు. తెలుగు పత్రికలు అచ్చుల పేర్పుతో వెలువడుచున్న దినములలోను ఉర్దూ పత్రికలో ప్రతి పంక్తిని కాతిబు కూర్చుండి వ్రాయవలసినదే. ఈ పని యంత్రమునకు సాధ్యము కాదనుకొనుటకు ఆ దినములలో అన్ని కారణములును ఉండెను. 1981లో నూరీ నస్తలీఖ్ అను కంప్యూటరు లిపి వచ్చెను. 1994లో ఇన్‌పేజ్ వచ్చెను. కొద్ది సంవత్సరములలోనే పత్రికా కార్యాలయములలో కాతిబుల పీటలు ఖాళీ అయినవి. ఛత్తా బజారు వీధిలో పెండ్లి పత్రికలకు, పేరు పలకలకు చేతివ్రాత కోరువారు వచ్చినచో కొందరికి పని దొరికెను. తక్కినవారు వేరు దారులు వెదకుకొనిరి. అచ్చుకూటములలో తెలుగు అచ్చులు పేర్చిన కంపోజిటర్లకును అదియే గతి పట్టినది. పిమ్మట 2000 ప్రాంతమున మన నగరమున వైద్యుల మాటలు విని టైపు చేయు ట్రాన్‌స్క్రిప్షన్ శిక్షణాలయములు వీధివీధిన వెలసెను. మాటను విని వ్రాయు యంత్రములు బాగుపడిన కొలది ఆ పనియు సన్నగిల్లెను.

కావున "యంత్రము చేయలేని పని యేది?" అను ప్రశ్న మోసకరమైనది. నేడు చేయలేనిది రేపు చేయవచ్చును. చేయగలిగియు కొన్ని పనులు మనుష్యుని చేతినుండి పోకపోవచ్చును. పని నిలుచుటకు యంత్రపు శక్తి యొక్కటియే కొలత కాదు. సంఘము యొక్క నిశ్చయము కూడ కొలతయే. మన నేత మగ్గమునే చూడుడు. మరమగ్గము చేతిమగ్గమును ఏనాడో మించినది. అయినను పోచంపల్లి చీర నేటికిని చేతిమగ్గముపై నేయబడుచున్నదనిన, కొనువారి అభిమానముతో పాటు చట్టము కూడ తోడైనందుననే. 1985లో పార్లమెంటు చేతిమగ్గములకు కొన్ని రకముల వస్త్రములను ప్రత్యేకించుచు చట్టము చేసినది. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకములున్నవి. చట్టమున్నంత మాత్రాన నేతగాని కడుపు నిండినదని నేననను. కాని మరమగ్గము ముందు మగ్గము ఇంతకాలము నిలుచుటలో సంఘ నిశ్చయమునకు పాలు కలదు.

బ్యాంకుల సంగతియు నట్టిదే. 1980 దశకమున కంప్యూటర్లు ప్రవేశించు వేళ ఉద్యోగుల సంఘములు ఎదిరించినవి. చర్చలు జరిగినవి, ఒడంబడికలు కుదిరినవి. తరువాత మన రాష్ట్రమునకు గవర్నరుగా వచ్చిన సి. రంగరాజన్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1984లో యంత్రీకరణపై నివేదిక నిచ్చినది. కంప్యూటరు వచ్చినది, కాని మాట్లాడుకొని, మెల్లగా వచ్చినది. యంత్రము ఎంత వేగముగా రావలెనో నిర్ణయించుటలో పనివాని మాటకు చోటుండెను. ఈనాడు ఆ చోటు ఎక్కడ?

ఇక కాయకమను మాటకు వత్తము. మన శరణులు కాయకమును కైలాసముగా భావించిరని ప్రతి సభలోను చెప్పుకొందుము. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో కీర్తించిన మడివాలు మాచయ్య బట్టలుదికెను. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. జేడర దాసిమయ్య నేసెను. ఇందులో నేడు నిలిచిన దెంత? పడవ రేవున వంతెన వచ్చినది. గడ్డి త్రాటికి బదులు నైలాను త్రాడు వచ్చినది. వారి వృత్తులు మారిపోయినను వారి కాయకము చెడలేదు. ఏలయనగా కాయకము వృత్తి పేరు కాదు. పరులకు ఉపయోగపడు పనిని, స్వయముగా, మోసము లేక చేసి, ఫలమును పంచుకొనుట కాయకము. వృత్తి స్థావరము వంటిది, కాయకము జంగమము వంటిది. ఒక వృత్తి కూలినను కాయకము వేరొక వృత్తిలోనికి నడచి పోగలదు. బసవేశ్వరుడు సైతము కల్యాణమున బిజ్జలుని కొలువులో లెక్కలు చూచిన వాడే. నేటి యంత్రము ఆ లెక్కలను నిమిషములో కూడి చూపును. కాని భండారపు ధనము దుర్వినియోగమైనదని నింద వచ్చిన నాడు, రాజు నెదుట నిలిచి "లెక్క చూచుకొనుము" అనుటకు బసవన్న కావలెను. కూడికకు యంత్రము చాలును. జవాబునకు మనుష్యుడు కావలెను.

దీనినుండి నాకు తోచిన గుర్తులు మూడు. దినదినము చోటు మారుచు, ఒక్కొక్క ఇంట ఒక్కొక్క తీరుగా నుండు చేతిపని త్వరగా పోదు: విద్యుత్తు తీగలు సరిచేయుట, గోడ కట్టుట, కుళాయి బిగించుట, పురుడు పోయుట. తప్పు జరిగినచో ఒకరు నిలిచి సమాధానము చెప్పవలసిన పని పోదు: వైద్యము, న్యాయము, వంతెన కట్టు ఇంజనీరు సంతకము. ఎదుటివారికి పనితో పాటు ఆ మనిషియే కావలసిన చోట పని పోదు: రోగి మంచము ప్రక్క నర్సు, పసిపిల్లల యెదుట ఉపాధ్యాయుడు.

మూడవదానికి నా తరగతిలోనే నిదర్శనము దొరికినది. "మా నాయనమ్మ" అను విషయముపై వ్యాసము వ్రాసి తెమ్మంటిని. ఒక విద్యార్థి ఒక్క అక్షరదోషము లేని వ్యాసము తెచ్చెను. అందులోని నాయనమ్మ ప్రేమమూర్తి, త్యాగమూర్తి, కుటుంబమునకు మూలస్తంభము. "నీ నాయనమ్మది ఏ ఊరు? నిన్న ఏమి చేయుచుండెను?" అని అడిగితిని. తల వంచెను. మరునాడు అర పుట తెచ్చెను. పదకొండు తప్పులు. చూపు మందగించిన ఆ వృద్ధురాలు చేటలోని బియ్యమును వ్రేళ్లతో తడిమి రాళ్లు ఏరునట. మనుమడు చూచి ఏరిన దానికంటె ఆమె తడిమి ఏరినదే శుభ్రముగా నుండునట. ఆ తప్పులను దిద్దుటకు యంత్రము చాలును. కాని ఆ అర పుటను బాలుడు వ్రాసినది, తన నాయనమ్మను గూర్చి తెలిసికొన గోరి ఒక మనిషి ఎదురు చూచుచున్నాడని తెలిసినందున. నా వృత్తిలో పోవలసినవి పోగా మిగులునది ఆ ఎదురుచూపే యని నమ్ముచున్నాను.

ఇంతవరకు తేల్చుకొని, ఆ తండ్రికి సమాధానము చెప్పుటకు ఒక ఆదివారము గోదామునకు పోయితిని. ఆయన నేలపై కూర్చుండి ముక్కలు ఏరుచుండెను. ఒక ముక్కను వంచి చూచెను, ఒకదానిని రాతిపై కొట్టి చప్పుడు వినెను, ఒకదానిని నీటిలో వేసి తేలునో మునుగునో చూచెను, సందేహము కలిగినప్పుడు అంచు కాల్చి వాసన చూచెను. ఏ ముక్క ఏ రాశికి చెందునో క్షణములో చెప్పుచుండెను. అంతటి విద్యకు శిక్షణ పత్రము ఏ ప్రభుత్వము నిచ్చినది? చేతులకు తొడుగులు లేవు, ముక్కునకు గుడ్డ తప్ప మరేమియు లేదు.

"పిల్లవానిని ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని నేర్పించుము. తెలుగు, లెక్కలు మాత్రము గట్టిగా చదువనిమ్ము. పని మారవలసి వచ్చిననాడు అవి తోడుండును" అంటిని. భవిష్యత్తుకు పూచీ పడజాలనని కూడ చెప్పితిని. ఆయన తల యూపి, నవ్వి, "నా పని మాత్రం యాడికి పోదు సారూ. మిషన్ కంటె నేనే అగ్గువ. గని నా కొడుక్కి ఈ పని వద్దు" అనెను.

బంధువులారా, ఆ మాట విన్న పిమ్మట నేను తేల్చుకొన్నదంతయు సగమే యని తెలిసినది. వస్తువుల రకములు గుర్తించి ఏరు యంత్రములు విదేశములలో నున్నవి. ఇచ్చట ఆయన పని నిలుచుటకు కారణము యంత్రపు చేతగానితనము కాదు, ఆయన కూలి యొక్క తక్కువతనము. నిలిచిన పనులన్నియు గౌరవింపబడిన పనులు కావు. రేపు గుమాస్తా పనులు తరిగి, ఊడ్చుట, ఏరుట, మోయుట, రోగిని శుభ్రపరచుట మాత్రమే మిగిలినచో, మనము ఇంతకాలము హీనముగా చూచిన పనులే మన పిల్లలకు దిక్కగును. వానికి తగిన కూలి, రక్షణ, మర్యాద ఇప్పుడే ఏర్పరచినచో అది వరము, లేనిచో శిక్ష.

మరియొక లెక్క కూడ కలదు. పదిమంది పనిని యంత్రముతో ఒక్కడే చేసినప్పుడు మిగిలిన తొమ్మిదిమంది జీతము ఎవరిది? ఆయ్దక్కి మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలు ఏరి జంగమదాసోహము జరిపెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందున భార్య లక్కమ్మ మందలించి, అధికమును తిరిగి పోసి రమ్మని పంపినది. గింజలు ఏరుకొను ఇల్లాలు పాటించిన నీతిని కోట్లు ఆర్జించు సంస్థలను పాటింపుమని అడుగుటకు మనము సంకోచింపనేల? పని పోయినవారికి వేరొక పని నేర్పుట, నేర్చుకొను కాలమున వారి ఇంట పొయ్యి ఆరకుండ చూచుట భిక్ష కాదు, దాసోహము.

ఏ కాయకము నిలుచునని ఆ తండ్రి నన్నడిగెను. ఇప్పుడు నేను మిమ్ము అడుగుచున్నాను: తుక్కు ఏరువాడు తన కుమారునకు తన పనిని సిగ్గుపడక, భయపడక అప్పగింపగల దినము ఎప్పుడు వచ్చును? ఆ దినము వచ్చువరకు, ఏ పనియు తక్కువ కాదని సభలలో మనము పలుకు పలుకు, మన వద్ద కూలికి వచ్చిన వానికి మనమిచ్చు దానినిబట్టియే కొలువబడును.