ఓడినవాడికీ ఇంకో బల్ల

అమ్మ ఇండియా నుంచి వచ్చిన రెండో శనివారం అది. పదేళ్ళ మా చిన్నవాడు పొద్దున్నే లేచి సంచిలో కార్డుల డబ్బా, పాచికలు, చుట్టచుట్టిన ప్లేమ్యాటు సర్దుకుంటున్నాడు. అమ్మ కాసేపు చూసి నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఏరా, పిల్లాణ్ణి పేకాటకి తీసుకెళ్తున్నావా?"

"పేకాట కాదమ్మా, పోకెమాన్."

"ముక్కలేగా?"

"ముక్కలే."

"కలుపుతారా? కోస్తారా?"

"కలుపుతారు, కోస్తారు."

"మరి పేకాట కాక ఏమిటి?"

నా దగ్గర సమాధానం లేదు. అమ్మ ఊరికే అడగలేదని మాత్రం తెలుసు. వాళ్ళ నాన్నది, అంటే మా తాతయ్యది, రెండెకరాల మాగాణి మూడు ముక్కలాటలో పోయింది. బస్సు ఆ పొలం పక్కనుంచి వెళ్తుంటే అమ్మ మొహం ఇవతలికి తిప్పుకునేది. సంక్రాంతికి ఊరంతా అరుగుల మీద పేక పరిచినా మా ఇంట్లోకి ఒక్క ముక్క రాలేదు. అలాంటి ఇంటి మనవడు శనివారం పూట అరవై ముక్కలతో బయల్దేరుతుంటే ఆవిడకి ఎలా ఉంటుంది? "నువ్వూ రా, చూద్దువుగాని" అన్నాను. శాలువా కప్పుకుని వచ్చి కారెక్కింది.

మేముండేది సియాటెల్‌కి తూర్పున. మైక్రోసాఫ్టు, అమెజాను పుణ్యమా అని ఇక్కడి గుళ్ళలోనూ కిరాణా కొట్లలోనూ తెలుగు బాగానే వినిపిస్తుంది. ఈ కార్డుల ఆటలకి పుట్టిల్లు కూడా ఈ చుట్టుపక్కలే అన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదువుకున్నాయన 1991లో తాను తయారుచేసిన ఒక బోర్డు ఆటని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీకి చూపించాడు. అది అచ్చువేయాలంటే ఖర్చు ఎక్కువ. సంచిలో పెట్టుకుని తిరగగలిగేదీ, త్వరగా అయిపోయేదీ ఏదైనా ఉంటే చెప్పమన్నారు. అలా 1993లో 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' వచ్చింది. ఆ కంపెనీ ఇప్పుడు రెంటన్‌లో ఉంది. జపాన్‌లో 1996లో మొదలైన పోకెమాన్ కార్డుల్ని 1999లో అమెరికాకి తెచ్చిందీ వాళ్ళే. నేటి పోకెమాన్ కంపెనీ అమెరికా కార్యాలయం బెల్‌వ్యూలో ఉంది. మనం ఉగాది సామాన్లు కొనుక్కునే ఊళ్ళే ఇవన్నీ.

గార్‌ఫీల్డ్ ఆలోచనలోని తమాషా ఏమిటంటే, ఇద్దరూ ఒకే పేకలోంచి ముక్కలు పంచుకోరు. ఎవరి పేక వాళ్ళు ఇంటి దగ్గరే కట్టుకుని రావాలి. పోకెమాన్‌లో సరిగ్గా 60 ముక్కలు. బేసిక్ ఎనర్జీ కార్డుల్ని మినహాయిస్తే ఒకే పేరున్న ముక్కలు నాలుగుకి మించకూడదు. ఏడు ముక్కలు చేతిలోకి తీసుకుని, ఆరు ముక్కలు ప్రైజుగా బోర్లా పక్కన పెట్టుకుంటారు. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా తమ ప్రైజులోంచి ముక్క తీసుకుంటారు. ఆరూ ముందుగా తీసుకున్నవాడిది ఆట. ఏ ముక్క వస్తుందో అదృష్టం. వేల రకాల్లోంచి ఏ అరవై కట్టుకొచ్చావన్నది మాత్రం నీ బుర్ర.

దారిలో అమ్మకి మన కథే ఒకటి చెప్పాను. సికింద్రాబాదులో రమ్మీ ఆడించిన ఒక క్లబ్బు మీద జూదం చట్టం కింద కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో కోర్టు తేల్చింది. పూర్తిగా అదృష్టం మీద నడిచేదానికి ఉదాహరణగా ఆ తీర్పులో చెప్పింది మూడు ముక్కలాటని. నైపుణ్యం ఉన్నంత మాత్రాన పందెం మంచిదైపోదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించింది అందుకే. అమ్మ అంతా విని, "కోర్టుకి తెలిసింది మా నాన్నకి తెలియలేదు" అంది.

ఈ కార్డుల లోకంలో మూడు ముక్కలాట లేదని మాత్రం అనలేను. ఉంది. అది బల్ల మీద కాక, లోపల ఏ ముక్కలున్నాయో తెలియకుండా కొనే ప్యాకెట్‌లో ఉంది. పది ముక్కల ప్యాకెట్ చింపేటప్పుడు పిల్లాడి చేతులు వణకడం నేను చూశాను. అరుదైన ముక్క వస్తుందని ఒకటి చింపుతాడు, రాలేదని ఇంకొకటి. 'లోపల బయట' అనే జూదం ఆడేవాడి కళ్ళు కూడా అలాగే ఉంటాయి. పికాచు ఇలస్ట్రేటర్ అనే ఒక్క కార్డు 2021లో 52 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. ఇలాంటి ధరలు విని పెద్దవాళ్ళు కూడా అట్టపెట్టెల కొద్దీ కొని అమ్ముకుంటున్నారు. పిల్లలు ముక్క బొమ్మ చూడకముందే ధర చూస్తున్నారు. అందుకే మా ఇంట్లో ప్యాకెట్ అన్నది పండగకీ పుట్టినరోజుకీ మాత్రమే. ఆటకి కావలసిన ముక్కని విడిగా కొనుక్కుంటాం. చాలావాటికి డాలరు కూడా అవదు. "ముక్క ఖరీదు ఎంత?" అని కాకుండా "ఈ ముక్క ఏం చేస్తుంది?" అని అడిగే పిల్లాడు ఆట నేర్చుకుంటున్నట్టు లెక్క.

పోటీ జరిగే కార్డుల కొట్టు ఒక టెరియాకీ హోటలుకీ బట్టలుతికే లాండ్రీకీ మధ్యన ఉంది. పొడుగాటి బల్లలు, మడత కుర్చీలు. ఇరవై రెండు మంది వచ్చారు. ముగ్గురు నలుగురు మావాడి ఈడు వాళ్ళు, కొందరు హైస్కూలు పిల్లలు, మిగిలినవాళ్ళు ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళు. వయసుల వారీగా విభాగాలున్నా, చిన్నపిల్లలు తక్కువైతే అందరినీ కలిపే ఆడిస్తారు. ఆడేవాళ్ళు తమ పేకలోని అరవై ముక్కల పేర్లూ కాగితం మీద రాసి ముందే జడ్జికి ఇచ్చెయ్యాలి. మధ్యలో మార్చడానికి వీల్లేదు. బహుమతిగా డబ్బివ్వరు. కొన్ని ప్యాకెట్లూ, పెద్ద పోటీలకి పనికొచ్చే పాయింట్లూ ఇస్తారు. తల్లిదండ్రులు గోడ పక్కన కూర్చోవాలి. సలహా ఇవ్వకూడదు, సైగ చెయ్యకూడదు. తెలుగు తండ్రికి ఇంతకంటే కష్టమైన నియమం ఇంకోటి లేదు.

మొదటి రౌండులో మావాడికి గడ్డం పెంచిన, మోచేతిదాకా పచ్చబొట్లున్న ఒకాయన ఎదురుపడ్డాడు. "గుడ్ లక్" అంటూ తన పేక మావాడి ముందు పెట్టి కొయ్యమన్నాడు. పావుగంటలో ఓడించాడు. తర్వాత లేచి వెళ్ళకుండా, మావాడు ఎక్కడ తప్పటడుగు వేశాడో ముక్కలు పరిచి చూపించాడు. అమ్మ నా చెవిలో, "అయిపోయిందా? ఇంక ఇంటికేనా?" అంది.

అవలేదు. ఈ పోటీలు నడిచేది స్విస్ పద్ధతిలో. 1895లో జూరిక్‌లో ఒక చెస్ పోటీకి మొదట వాడారు కాబట్టి ఆ పేరు. చెస్ ఆడే పిల్లలున్న తల్లిదండ్రులకి తెలిసిందే. ఇందులో ఓడినవాణ్ణి బయటికి పంపరు. గెలిచినవాళ్ళని గెలిచినవాళ్ళతోనూ, ఓడినవాళ్ళని ఓడినవాళ్ళతోనూ జత కలుపుతూ పోతారు. ఇరవై రెండు మందికి ఐదు రౌండ్లు. మొదటివాడూ చివరివాడూ ఐదుసార్లు కూర్చోవచ్చు. గెలుపుకి మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి, ఓటమికి సున్న. నువ్వు ఓడిన కొద్దీ నీ స్థాయివాడే ఎదురవుతాడు. రెండో రౌండులో మావాడు, తనలాగే ఓడివచ్చిన ఒక అమ్మాయి మీద గెలిచాడు.

మూడో రౌండులో జరిగింది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఎదుట ఒక హైస్కూలు కుర్రాడు. ఆట గట్టిగా సాగుతోంది. ఒక వంతులో చేతిలోంచి ఒక్క ఎనర్జీ కార్డే పెట్టాలి. మావాడు మొదట్లోనే ఒకటి పెట్టాడు. మధ్యలో చేతిలోవి పారేసి కొత్తగా ఏడు ముక్కలు తీసుకునే కార్డు వాడాడు. ఆ హుషారులో ఇంకో ఎనర్జీ పెట్టేశాడు. దాంతో దెబ్బ కొట్టడానికి సరిపడా బలం వచ్చింది, ఎదుటి పోకెమాన్ పడింది, ప్రైజు ముక్క తీసుకున్నాడు. ఆ కుర్రాడు చూసుకోలేదు. గోడ పక్కనుంచి నేను చూశాను. అప్పుడు నా మనసులో వచ్చిన మాట రాయడానికి సిగ్గుగానే ఉంది: 'హమ్మయ్య, ఎవరూ చూడలేదు.'

ఆ కుర్రాడు ముక్క తియ్యబోతుంటే మావాడి చెయ్యి పైకి లేచింది. "జడ్జ్!"

జడ్జి వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. ఆటని వెనక్కి తిప్పాడు. పడ్డ పోకెమాన్ లేచి కూర్చుంది, ప్రైజు ముక్క తిరిగి వెళ్ళింది, రెండో ఎనర్జీ చేతిలోకి వచ్చింది. మావాడి పేరు మీద ఒక హెచ్చరిక రాసుకున్నాడు. ఆ ఆట మావాడు ఒక్క ప్రైజు తేడాతో ఓడిపోయాడు. ఐదు రౌండ్లయ్యేసరికి రెండు గెలుపులు, మూడు ఓటములు.

కారులో ఉండబట్టలేక అడిగాను: "వాడు చూడలేదు కదరా, నువ్వే ఎందుకు పిలిచావు?"

మావాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. నాకు నియమం తెలియదనుకున్నాడు. "ఒక టర్న్‌లో ఒక్క ఎనర్జీనే పెట్టాలి నాన్నా" అని మొదలుపెట్టి, ఏ కార్డులుంటే అదనంగా పెట్టొచ్చో కూడా ఓపిగ్గా ఐదు నిమిషాలు వివరించాడు. చివర్లో, "నానమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

అమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. సంచిలోంచి జంతికల డబ్బా తీసి వాడికిచ్చి, నాతో అంది: "మా నాన్న ఓడిపోతే బల్ల దగ్గర్నుంచి లేవనిచ్చేవాళ్ళు కాదురా. పోయింది రాబట్టుకో అని కూర్చోబెట్టేవాళ్ళు. వీడు మూడుసార్లు ఓడి ఆకలేస్తోందంటున్నాడు. ఇది పేకాట కాదులే."

మన తెలుగు సంఘం వేసే ఇలాంటి సంచికల్లో ఏటా విలువల గురించి రాసుకుంటాం. నేనూ రాశాను. నిజాయితీ గురించి మా పిల్లలకి శతక పద్యాలు బట్టీ పట్టించాను, అర్థాలు చెప్పించాను. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ ఆ రోజు పరీక్ష పెట్టింది ఆ బల్ల. అందులో వాడు తేలిగ్గా గట్టెక్కాడు, నేను గోడ పక్కన తప్పాను. వాడికి ఆ చెయ్యెత్తే అలవాటు నా ఉపన్యాసాల వల్ల వచ్చి ఉంటే సంతోషమే. వారం వారం అపరిచితుల ముందు పేక పెట్టి కొయ్యమనడం వల్ల, తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఎవరూ తిట్టకపోవడం వల్ల వచ్చిందనే నా అనుమానం.

మన పిల్లలకి పోటీలు కొత్త కాదు. స్పెల్లింగ్ బీల్లో ఒక్క అక్షరం తప్పితే వేదిక దిగిపోవాలి. మన సంఘం పోటీల్లోనూ అంతే. మొదటి ముగ్గురికీ జ్ఞాపికలు, ఫొటోలు. మిగతా ముప్ఫైమంది తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని పార్కింగ్ లాటుకి నడుస్తారు. గెలవడం మనం బాగా నేర్పుతున్నాం. ఓడి, నీళ్ళు తాగి, మళ్ళీ ఇంకో బల్ల దగ్గర కూర్చోవడం ఎక్కడ నేర్పుతున్నాం? ఉద్యోగం పోయిన రోజునా, కోరిన కాలేజీలో సీటు రాని రోజునా వాళ్ళకి పనికొచ్చేది అదే కదా.

సంఘం కార్యవర్గానికి నాదొక మనవి. వచ్చే సంక్రాంతి సంబరాలకి స్కూలు జిమ్ ఎలాగూ అద్దెకి తీసుకుంటాం. ఒక మూల పది బల్లలు వేయించండి. చదరంగమో, క్యారమ్సో, ఈ కార్డులో, పిల్లలు ఏది అడిగితే అది. ఎవరినీ మధ్యలో పంపెయ్యకుండా స్విస్ పద్ధతిలో ఐదు రౌండ్లు ఆడించండి. పిల్లల్నీ పెద్దల్నీ కలిపే కూర్చోబెట్టండి. జత కలిపే పని నేను చూసుకుంటాను.

అప్పటిదాకా ఆగలేనివాళ్ళు మీ ఊళ్ళో కార్డుల కొట్టు ఎక్కడుందో మీ పిల్లల్నే అడగండి, చెప్తారు. ఒక శనివారం వాళ్ళతో వెళ్ళండి. కాఫీ ఫ్లాస్కూ, నాలుగు జంతికలూ పట్టుకెళ్ళండి, ఐదు రౌండ్లంటే సాయంత్రమవుతుంది. గోడ పక్కన కుర్చీ ఖాళీగానే ఉంటుంది. నోరు మాత్రం మెదపకూడదు.